వెనక సీటు

చార్జింగ్ స్టాండు దగ్గర చేరే బండి పిచ్చోళ్లందరికీ ఆయన బ్యాటరీ బాబాయి. ఎవరు కొత్త ఎలక్ట్రిక్ బైకు తెచ్చినా కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, బండి వీపు నిమిరి, "రంగు అదిరింది గానీ తొందరపడ్డావురా! వచ్చే ఏడు ఇంతకు రెట్టింపు దూరం పోయే బ్యాటరీ వస్తోంది" అనేవాడు. నెమలికంఠం రంగు బండి చూసి భార్య ముచ్చటపడ్డప్పుడల్లా ఆమెకీ అదే మాట చెప్పాడు. అలా చెబుతూనే ఏళ్లు గడిపేశాడు. మొన్న అదే రంగు బండి కొని ఇంటి ముందు ఆపాడు. ఆమె చేతికర్ర గోడకానించి, వెనక సీటును కొంగుతో తుడిచింది. "బంగారంలా ఉంది. నా మోకాళ్లే ఇక ఎక్కనివ్వవు," అంది. "ఇంతకీ ఎంత దూరం పోతుందండీ?"

ఊరందరికీ అప్పజెప్పే ఆ లెక్క వదిలేసి, ఆయన గోడకున్న చేతికర్ర తీసి ఆమె చేతికిచ్చాడు.