పుట్టింటి చీరకి రెండు గంటల దారి

ఎవరైనా ఫోన్ తీసి రెండు ఊళ్ల మధ్య దూరం చూపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా పెద్దమ్మ పోయిన రోజు నుంచి ఇదే వరస.

మా తాతయ్య పోర్ట్‌బ్లెయిర్‌లో చాతం రంపపు మిల్లు పనికని ఓడెక్కేనాటికే పెద్ద కూతురిని శ్రీకాకుళం వైపు ఒకింటికి ఇచ్చేశాడు. పెద్దమ్మ అక్కడే ఉండిపోయింది, ఆవిడ పుట్టిల్లు మాత్రం సముద్రం దాటి వచ్చేసింది. ఇప్పుడు ఆ పుట్టింటి మనుషుల్లో మిగిలింది ఇక్కడ ప్రోతరాపూర్‌లో నా దగ్గరున్న అమ్మ ఒక్కతే. మాలో ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పాలి. అది లేకుండా సాగనంపితే అమ్మ దృష్టిలో ఆ మనిషి దిక్కులేనిదైనట్టే.

ఆ రోజు పొద్దున్నే పెద్దమ్మ కొడుకు, మా అన్న, ఫోన్ చేసి కబురు చెప్పాడు. అమ్మ ఏడుస్తూనే నన్ను బజారుకి తీసుకెళ్లి ఎర్రంచు పసుపు చీర కొంది. అక్కడినుంచి విమానం టికెట్లమ్మే కుర్రాడి దగ్గరికి వెళ్లాం.

"దీదీ, ఆజ్ కుచ్ నహీ. రేపు పొద్దున్న చెన్నై ఉంది, అక్కడ మారి వైజాగ్ పోవాల" అన్నాడతను.

అన్నకి అదే చెప్పి, ఐస్ బాక్స్ పెట్టించి ఒక్క రోజు ఆపమని బతిమాలాను. ఆయన అప్పటికే ఫోన్‌లో మా ఊరి విమానాశ్రయం నుంచి విశాఖకి గీత గీయించి చూసుకున్నాడు.

"రెండు గంటల దారికి ఐస్ బాక్స్ ఎందుకమ్మా? సాయంత్రం దాకా ఉంచుతాం, వచ్చీయండి" అన్నాడు.

ఆ గీత మీద ఆ రోజు విమానమే లేదని ఎలా చెప్పినా ఆయన బుర్రకెక్కలేదు. మాకు రావాలని లేక సాకులు చెబుతున్నామనుకున్నాడు. వీళ్లకి మా దీవులు సెలవులకొచ్చి ఫోటోలు దిగే చోటు, అంతే. ఇక్కడ మనుషులుంటారని, వాళ్లకి చావు కబుర్లు వస్తాయని తోచదు.

చీకటి పడకముందే దహనం చేసేశారు. ఊళ్లో కొట్లో ఒక చీర కొని, పుట్టింటిదేనని చెప్పి కప్పారట. అంత అబద్ధమాడటానికి వాళ్లకి నోరెలా వచ్చిందో.

అయినా అమ్మ వెళదామంది. చెన్నైలో గంటల తరబడి కుర్చీల్లో కూర్చుని, విశాఖలో దిగి, కారులో ఊరు చేరేసరికి మర్నాడు దీపాలు పెట్టే వేళయింది. పలకరించిన ప్రతివాళ్లూ రెండు గంటల్లో రాలేకపోయారా అనే అడిగారు. పోర్ట్‌బ్లెయిర్‌లో తలుపేసుకుని బయలుదేరి చూడండని నేను గట్టిగానే అన్నాను.

తెచ్చిన చీర ఎవరైనా పేదరాలికి ఇచ్చేద్దామని అన్న చెయ్యి చాపాడు. అమ్మ ఇవ్వలేదు. సంచి ఒళ్లోకి లాక్కుని నా వైపు తిరిగింది.

"దీన్ని దాచి ఉంచు. నాను పోతే పుట్టింటి చీర తెచ్చీవోలు ఇంకెవులూ నేరు."