జీలకర్ర పొట్లంలో ఉత్తరం

నా చిన్నప్పుడు తిరువూరు బజారులో మాకు కిరాణా కొట్టుండేది. ప్లాస్టిక్ కవర్లు ఇంకా రాని రోజులు కాబట్టి ఉప్పు దగ్గర్నుంచి ఇంగువ దాకా అన్నీ కాగితాల్లోనే కట్టేవాళ్ళం. ఆ కాగితాలు సేకరించి, చింపి, సైజుల వారీగా పేర్చడం నా పని. పదేళ్ళ పిల్లని, కొట్టంతా నా చేతి మీదే నడుస్తోందని నా నమ్మకం. సెలవు రోజుల్లో ఇంటింటికీ తిరిగి పాత పుస్తకాలు అడిగి తెచ్చి, బదులుగా పటికబెల్లం ముక్క ఇచ్చేదాన్ని. ఇచ్చే ముందు అందులో సగం నేనే కొరికేసేదాన్నని మా తాతయ్యకు చివరిదాకా తెలియదు.

మా వెనక వీధిలో ఒక మామ్మ ఉండేది. పుట్టిల్లు పెనుగొలను. భర్త ఏనాడో పోయాడు. ఉన్న ఒక్క కొడుకూ మిలిటరీలో చేరి బంగ్లాదేశ్ యుద్ధంలో చనిపోయాడు. శవం కూడా ఊరికి రాలేదు.

ఒకరోజు నేను వెళ్ళేసరికి మామ్మ వంటపనిలో ఉండి, ట్రంకుపెట్టెలో కొడుకు చదువుకున్న పుస్తకాలున్నాయి, తీసుకోమంది. వాటి అడుగున దారం కట్టిన ఉత్తరాల కట్ట కనిపించింది. అన్నీ మడిచి అంటించే ఇన్లాండు ఉత్తరాలు. కాగితం గట్టిది, జీలకర్రకీ పసుపుకీ భలే పనికొస్తుంది. ఉత్తరాలని తెలియక తీసుకున్నానంటే అబద్ధం. తెలుసు. చదివేసిన ఉత్తరం పాత కాగితమే కదా అనుకున్నాను. పొట్లాల మధ్య పెరిగిన పిల్లకి అంతకన్నా గొప్ప ఆలోచన ఎక్కణ్ణుంచి వస్తుంది! కట్టలో ఒకటి ఇంకా అంటించే ఉంది. దాన్నీ చాకుతో కోసి, పరిచి, మిగతావాటితో పాటు పేర్చేశాను.

రెండో రోజు మధ్యాహ్నం మామ్మ మా కొట్టుకొచ్చి జీలకర్ర కొనుక్కెళ్ళింది. పొట్లం కట్టింది నేనే. కాసేపటికే తిరిగొచ్చింది. జీలకర్ర కొంగులో పోసుకుని, కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఆవిడకు చదువు రాదు. అందుకే ఆ కొడుకు ప్రతి ఉత్తరం చివరా అమ్మ కోసమని ఒక బొమ్మ వేసేవాడట. గుడారం, మంచుకొండ, వంటవాడి పొట్ట, ఇలా ఏదో ఒకటి. రాసిందాన్ని ఎవరితోనో చదివించుకునేది, బొమ్మ మాత్రం తనే చూసుకునేది. నేను కట్టిన కాగితం మీద కంచరగాడిద ఉంది.

"అమ్మాయ్, ఇది మావాడి గాడిదే," అంది. గొంతులో కోపం లేదు, భయం ఉంది. "అంటించి ఉన్నది ఒకటుండాలి. దాన్ని విప్పలేదు కదా?"

పోయాడని టెలిగ్రాం వచ్చిన వారానికి వచ్చిందట ఆ ఉత్తరం. విప్పేస్తే కొడుకు చెప్పాల్సింది అయిపోతుందని రెండేళ్ళుగా అలాగే దాచుకుంది. పొట్లాల కాగితాలు పెట్టే చోటికి చూశాను. ఇన్లాండు ఒక్కటీ మిగల్లేదు. విప్పేశానని తలూపాను.

గల్లా దగ్గరున్న మా తాతయ్య లేచాడు. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు, తలుపు చెక్కల చప్పుడు వినిపించింది. పట్టపగలు కొట్టు మూశామంటే ఇంట్లో ఎవరో పోయారని బజారులో అర్థం. చుట్టుపక్కల కొట్లవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఎవరండీ అని అడిగారు. తాతయ్య ఆ కుర్రాడి పేరు చెప్పాడు. అతను పోయి రెండేళ్ళయింది కదండీ అని ఒకాయన అంటే, "అవునండీ. ఇవాళ మేం మళ్ళీ చంపాం," అన్నాడు. అంత మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

ఆ పూటంతా నా చెయ్యి పట్టుకుని, సరుకులు కొన్న ప్రతి ఇంటికీ తిప్పాడు. ఎవరి ఉత్తరమో, నేనేం చేశానో ప్రతి గుమ్మంలో నాతోనే చెప్పించాడు. కొన్ని కాగితాలు పసుపు మరకలతో దొరికాయి. ఒకటి చంటిపిల్ల నోట్లోంచి లాక్కున్నాం. కాగితం లేనివాళ్ళు ఆ కుర్రాణ్ణి గుర్తు చేసుకుని, తెలిసిందేదో చెప్పారు. అవన్నీ నా స్కూలు నోటుబుక్కులో రాయించాడు తాతయ్య. చివరి ఇంట్లో ఒకావిడ, పొద్దున్న విప్పిన పసుపు పొట్లం కాగితం పొయ్యిలో వేసేశానని, బొమ్మేదో ఉన్నట్టుంది కానీ చూడలేదని నొచ్చుకుంది. చాకుతో కోసిన అంచు దొరికినవాటిలో దేనికీ లేదు. దొరకనిది అంటించి ఉన్న ఆ ఒక్కటే.

దొరికిన ఉత్తరాలు మామ్మ చేతిలో పెట్టి, నోటుబుక్కు చదివాను. మామ్మ శ్రద్ధగా వింది. బావిలో పడ్డ పిల్లాణ్ణి కాపాడాడని ఒకరు చెప్పింది చదవగానే ఆపింది. "మావాడికి ఈత రాదు. అది కొట్టెయ్," అంది. కొట్టేశాను.

తర్వాత నా ముఖంలోకి చూసింది. "విప్పింది నువ్వే కదా తల్లీ. అందులో ఏం బొమ్మ వేశాడు?"

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆవో, ఇల్లో, నీ బొమ్మో అని చెప్పేస్తే ఆవిడ సంతోషిస్తుందని తోచింది. నోటిదాకా వచ్చింది కూడా. తాతయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. "చూసిందే చెప్పు," అన్నాడు.

"బొమ్మ చూసిన గుర్తు లేదు మామ్మా," అన్నాను. ఆవిడ తలూపి, కట్టకు దారం చుట్టడం మొదలుపెట్టింది.

నాకిప్పుడు అరవై దాటాయి. మిలిటరీలో చనిపోయిన మా చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళ కథలు ఇంటింటికీ వెళ్ళి రాసుకుంటున్నాను. విన్నది రాస్తాను, తెలియనిచోట ఖాళీ వదిలేస్తాను. మొన్న వాటిని పుస్తకంగా వేస్తున్న అబ్బాయి, ఆ చివరి ఉత్తరంలో ఏదో ఒక బొమ్మ ఉందని రాసెయ్యండి, ఎవరికి తెలుస్తుందండీ అన్నాడు. ఖాళీగానే ఉంచమన్నాను. ఆ చాకు గుర్తుంది. కాగితం కోసిన చప్పుడు గుర్తుంది. బొమ్మ మాత్రం ఇప్పటికీ గుర్తు రాదు. ఆ ఉత్తరం విప్పిన మనిషిని నేనొక్కదాన్నే.