గూడబాతుకి అంత్యక్రియలు

పోయిన వారం విజయనగరంలో మా వీధి చివర ఒక కాకి చచ్చిపడింది. ఎవరు ఫోన్ చేశారో గాని, గంటలో ఇద్దరు మనుషులు కాలి నుంచి తల దాకా తెల్లటి ప్లాస్టిక్ తొడుగుల్లో దిగి, పొడుగాటి పటకారుతో దాన్ని సంచిలో వేసుకున్నారు. పక్షుల్లో ఏవో కొత్త వైరస్‌లు తిరుగుతున్నాయట, పరీక్షకి పంపాలట. వెళ్తూ వెళ్తూ ఒకతను మా గుమ్మం ముందు ఆగి, "మామ్మగారూ, దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?" అని అడిగాడు. లేదు నాయనా అని లోపలికొచ్చి కూర్చున్నాక నవ్వు ఆపుకోలేకపోయాను. యాభై ఏళ్ళ పైమాట, నౌపడ దగ్గర మా అత్తవారి ఊళ్ళో ఒక డాక్టరు ఇదే ప్రశ్న అడిగాడు. ఆ రోజు ముట్టుకోనివాళ్ళు ఊళ్ళో దాదాపు లేరు.

అరవైల చివర మాట. నాకు పెళ్ళై ఏడాది కాలేదు. మావయ్యగారు రాములవారి కోవెల అర్చకులు. రోజూ మధ్యాహ్నం మూడింటికి మండపంలో పురాణం చెప్పేవారు. మనిషి సన్నం, గొంతు మాత్రం ఉప్పు మడుల అవతలికి వినపడేది. ఆయన చెబుతుంటే ఏడవడం మా గోష్ఠికి అలవాటు. కన్ను తడవని రోజున ప్రసాదం కూడా చప్పగా ఉండేది. ఆ ఊళ్ళో గాలికే ఉప్పు. డబ్బాలో బెల్లం చెమట పట్టేది. చలికాలం వచ్చేసరికి ఊరవతల బురద నేలల్లో రకరకాల పక్షులు దిగేవి. వాటి వెనకే, ఎక్కడో దూరాన ఉన్న ప్రయోగశాల నుంచి ఒక కుర్ర డాక్టరు దిగాడు. వలవేసి పక్షిని పట్టి, రెక్క కింద నుంచి చుక్క రక్తం తీసి, కాలికి చిన్న కడియం తొడిగి వదిలేసేవాడు. మా అత్తగారికి ఆ కడియం నచ్చింది. ఆడపిల్లని వట్టి కాళ్ళతో పంపడం లేదు, మంచివాడే అనేవారు.

ఒకరోజు మజ్జిగకని వచ్చి, నేను చదువుకున్నదాన్నని తెలిసి, నాకొక రేకు డబ్బా అప్పగించాడు. చచ్చిన పక్షి తాజాగా దొరికితే చేత్తో ముట్టుకోకుండా ఇందులో పెట్టి, నౌపడకి కబురు చెయ్యమన్నాడు. రెండేళ్ళుగా వందల పక్షుల రక్తం పంపాడట, కొత్త క్రిమి ఒక్కటీ బయటపడలేదట. ఈ నెలాఖరుకి ఏదీ దొరక్కపోతే పని ఆపించేసి వెనక్కి పిలుస్తారట. "ఒక్క పక్షి చాలమ్మా," అన్నాడు. నేను మాటిచ్చాను. వారం తిరక్కుండా ఆ డబ్బాలో అత్తగారు మినప వడియాలు పోశారు.

నెలాఖరు నాలుగు రోజులుందనగా పురాణంలో పక్షిరాజు ఘట్టం వచ్చింది. అమ్మవారిని ఎత్తుకుపోతున్న రాక్షసుడికి అడ్డుపడి, రెక్కలు తెగి నేలకూలిన పక్షి. స్వామి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడని మావయ్యగారు గద్గదంగా అంటున్నారు, మేమంతా కొంగులు తీశాం. సరిగ్గా అప్పుడే మా పొలం చేసే రైతు మంచమంత గూడబాతుని రెండు చేతులా మోసుకుని మండపం ఎక్కాడు. ముక్కు కింద సంచి వేలాడే పెద్ద నీటిపక్షి అది.

"అయ్యోరూ, సూడండి. రెక్క ఇరిగిపోనాది. నా సేతుల్లోనే పేనం పోనాది."

మైల అని అత్తగారు వెనక్కి జరిగారు. "స్వామి ఒళ్ళో పెట్టుకున్న జాతి. మనకేటి మైల?" అన్నారు మావయ్యగారు. పురాణంలోది గద్ద కదా అని ఒక పెద్దాయన నసిగితే, ముక్కు కింద సంచి ఉన్నంత మాత్రాన భక్తి ఉండదా అని కోప్పడ్డారు. ఆడవాళ్ళు దానికి స్నానం చేయించారు. స్వామి కట్టి విడిచిన శేషవస్త్రంలో చుట్టి ఊరంతా కళ్ళకద్దుకున్నారు. చితి దగ్గర మాత్రం పేచీ వచ్చింది.

"ఎత్తుకొచ్చినోడిని నాను. నిప్పు నానే ఎడతాను," అన్నాడు రైతు.

"కర్త స్వామిరా. నువ్వూ నేనూ కట్టెలు మోసేవాళ్ళం," అని మావయ్యగారు తేల్చేశారు.

డబ్బా నాకు గుర్తుంది. కొత్త కోడలిని, అంతమందిలో నోరెలా విప్పుతానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అది అబద్ధం. కన్నతండ్రికి చెయ్యలేకపోయిన సంస్కారం స్వామి ఒక పక్షికి చేశాడని అప్పుడే విన్నదాన్ని, దాన్ని వడియాల డబ్బాలో పెట్టడానికి నాకే మనసొప్పలేదు. అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ నేనే. నిప్పు పెట్టేముందు అత్తగారు శేషవస్త్రం విప్పి, దేవుడి బట్ట కాల్చకూడదు, వెంటనే ఉతికి ఆరెయ్యమని నా చేతిలో పెట్టారు. నేను పెరట్లో చిలక్కొయ్యకి తగిలించి, ఏడుస్తూ కూర్చుని మరిచిపోయాను.

మర్నాడు పొద్దున్నే కబురు తెలిసి డాక్టరు పరుగున వచ్చాడు. బూడిద చూశాడు. ఎవరైనా ముట్టుకున్నారా అని నీరసంగా అడిగాడు. "ముట్టుకోనివాళ్ళెవరో అడుగు నాయనా, లెక్క తొందరగా తేలుతాది," అన్నారు మావయ్యగారు. అయితే ఇంక వలలు చుట్టేసుకుంటానని ఆ కుర్రాడు మెట్ల మీద చతికిలబడ్డాడు. ఆ మొహం చూశాక నేను మావయ్యగారి ఎదుట మొదటిసారి నోరు విప్పాను. దాన్ని చుట్టిన బట్ట ఉందని చెప్పాను.

"ఉతికేశారా?"

"లేదండీ."

మడతలు విప్పితే, పశువులకు పట్టే గోమార్లలాంటి రక్తం పీల్చే పురుగులు, బూడిదరంగువి పదకొండు నక్కి ఉన్నాయి. ఒక్కొక్కటే చిన్న పటకారుతో తీసి గాజు గొట్టాల్లో వేసుకుంటూ, ఉతకనందుకు నాకు దణ్ణం పెట్టాడు. తర్వాత పక్షిని తాకిన అందరికీ రక్తం తీశాడు. పిట్ట సచ్చిపోతే మాకు సూదేటని రైతు గొణిగాడు గాని, మావయ్యగారు ముందు చెయ్యి చాపాక ఎవరూ వెనక్కి తగ్గలేదు. దేవుడి దయ, ఎవరికీ జలుబైనా చెయ్యలేదు.

వానలు వెలిశాక ఉత్తరం వచ్చింది. ఆ పురుగుల్లో అంతవరకూ ఎవరూ చూడని వైరస్ ఒకటి బయటపడిందట, అతని పని కొనసాగించమన్నారట. ఇలాంటివాటికి దొరికిన ఊరి పేరు పెట్టడం మామూలట. మావయ్యగారు వెంటనే నాచేత జవాబు రాయించారు: ఊరు ఏ పాపం చెయ్యలేదు, కాల్చింది నేను, పెడితే నా పేరు పెట్టు. చివరికి ఏ పేరు పెట్టారో మాకు తెలియలేదు. అతను పట్టుకెళ్ళిన శేషవస్త్రం మాత్రం పార్సిల్లో తిరిగొచ్చింది, ఇస్త్రీ మడతల్లో, ఫినాయిలు వాసనతో. "ఆఖరికి నీ బదులు డాక్టరే ఉతికాడు," అన్నారు అత్తగారు.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. వస్త్రం నా పెట్టెలో ఉంది. ఆ ఘట్టం పారాయణ చేసే రోజున దాన్ని ఒళ్ళో వేసుకుంటాను, ఏడుస్తాను, ఏడుస్తూనే మడతల్లో ఒకసారి వెతుకుతాను. కాలం ఎన్నిసార్లు ఉతికినా, మడతల్లో నక్కినవి కొన్ని దానికి దొరకవు.