మత్తడి మూసిన కట్ట

వానలిచ్చే దేవునికి స్తోత్రం. ఆయన సముద్రానికే హద్దు పెట్టాడు. మా బావ ఆ దేవుని వానకే దారి మూశాడు.

కొండపాక దగ్గర బావకు ఏటవాలు చేను ఉంది. అక్క సంసారానికి అదే ఆధారం. వానకు పైమట్టి కొట్టుకుపోకుండా ఏళ్ల కిందటే దిగువన చిన్న మట్టికట్ట పోయించి, నిండిన నీళ్లు పొర్లిపోయేందుకు ఒక పక్క మత్తడి వదిలాడు. ఆ నీళ్లు సొంత తమ్ముడి చేనుకు పారుతుంటే ఓర్వలేక మత్తడి పూడ్చేశాడు. పైగా చర్చి సంఘాన్ని పిలిచి, కట్ట మీద నూనె పోయించి ప్రార్థన చేయించాడు.

“మరి నీళ్లెటు పోవాలె బావా?” అన్నాను.

“నీకు విశ్వాసం తక్కువ బామ్మర్దీ! నూనె పోసినంక కట్ట ఎట్ల తెగుతది?”

మొదటి పెద్దవానకే తెగింది. అన్నేళ్లు ఆపుకున్న ఎర్రమట్టి అంతా తమ్ముడి చేనులో పరుచుకుంది.

“సైతాను తెంపిండు,” అన్నాడు బావ.

“సైతానుకు పార పట్టరాదు. మత్తడి పూడ్చింది నువ్వే,” అంది అక్క.

ఇప్పుడు మళ్లీ కట్ట పోయిస్తున్నాడు. మత్తడి మాటెత్తితే కళ్లు మూసుకుని స్తోత్రం అంటాడు.

చదివేవారూ, నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, కట్ట సంగతి తర్వాత, ముందు మా బావ చేత మత్తడి తెరిపించు. ఆమేన్.