బయోస్ కోసం ఆగిన సాంచెలు

నిశ్శబ్దం అనేదొకటి లోకంలో ఉందని మాకు అంతగా తెలియని రోజులవి. సిరిసిల్లలో మేముండే వాడలో ఇల్లంటే ముందు గదిలో మనుషులు, వెనక గదిలో సాంచెలు. (మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. మనుషులకన్నా వాటికే గాలీ వెలుతురూ ఎక్కువ ఇచ్చేవాళ్లం, అన్నం పెట్టేవి అవే కాబట్టి.) పొద్దున మొదలైన టకటక పొద్దుగూకినా ఆగేది కాదు. పసిపిల్లలు ఆ చప్పుడుకే నిద్రపోయేవారు, అది ఆగితే ఉలిక్కిపడి లేచేవారు. రహస్యాలు మా వాడలో పుట్టేవి గానీ బతికేవి కావు, చెవిలో చెప్పాలన్నా అరిచే చెప్పాలి మరి. అలాంటి చోట పట్టపగలు సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగాయంటే రెండే కారణాలు. కరెంటన్నా పోయి ఉండాలి, వాడలో ఎవరన్నా పోయి ఉండాలి. మనిషి పోతే వాడవాడంతా సాంచెలు ఆపడం మా దగ్గర ఆనవాయితీ. అందుకే చప్పుడు ఆగగానే అందరి కళ్లూ ముందు ఫ్యాను మీదికి వెళ్లేవి. ఫ్యాను ఆగితే గుండె కుదుటపడేది. ఫ్యాను తిరుగుతూ ఉంటే మాత్రం గుండె ఆగేది. ఈ రెండు కారణాలకు మూడోదాన్ని చేర్చిన ఘనత నాదే.

డిగ్రీ అయిపోయి, ఏం చేస్తున్నావని అడిగినవాళ్లకు ఏదో ఒకటి చెప్పుకోవడం కోసం మా బావ ఫొటో స్టూడియోలో చేరాను. బావ అంటే మా అక్కను చేసుకున్న బావ. ఆయన ఊరూరా తిరిగి పెళ్లిళ్లు తీసుకొచ్చేవాడు, నేను కూర్చుని మిక్సింగ్ చేసేవాణ్ణి. మిక్సింగ్ అంటే తీసిన వీడియోను కత్తిరించి, అతికించి, పాటలు పెట్టి, పెళ్లికూతురును చందమామలో కూర్చోబెట్టి, పెళ్లికొడుకును ఏ ఖర్చూ లేకుండా మంచుకొండల మీద నిలబెట్టే విద్య. అందులో నా ప్రత్యేకత ఒకటుండేది. మా వాడ పెళ్లిళ్లలో పంతులు మంత్రాలకన్నా పక్కిళ్ల సాంచెల చప్పుడే ఎక్కువ రికార్డయ్యేది. పెళ్లివారు తమ ఇంటివి ఆపినా పక్కవాళ్లవి ఆగవు కదా. ఆ టకటకను వీడియోలోంచి ఏరి, తుడిచి, జాడ లేకుండా చేయడం నేర్చుకున్నాను. బియ్యంలో రాళ్లేరినట్టు చప్పుడులో చప్పుడు ఏరే నా పనితనం చూసుకుని నాకు నేనే మురిసిపోయేవాణ్ణి. (ఇంకెవరూ మురిసిపోయినట్టు గుర్తులేదు.)

మా స్టూడియోకు ఎదురింట్లో ఒక అత్త ఉండేది. బంధుత్వం ఏమిటని అడిగితే ఇద్దరమూ చెప్పలేం గానీ అత్తే. ఎప్పుడు చూసినా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుండేది కాబట్టి బీడీలత్త. ఆమె పెనిమిటి మస్కట్ మామ. ఒకప్పుడు మా వాడలోనే సాంచె నడిపి, తర్వాత మస్కట్ వెళ్లినవాడు. ఆ ఏడు వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ పెళ్లి కుదిరింది. మామకు సెలవు దొరకలేదు. బిడ్డ పెళ్లిని ఫోన్‌లో చూద్దామని అక్కడ గదిలో ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడట. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఫోన్‌లో బొమ్మ ఆగిపోయింది. మళ్లీ కదిలేసరికి ఇక్కడ అప్పగింతలు. కన్నతండ్రి బిడ్డ మెడలో పుస్తె పడటం చూడలేదు, తలంబ్రాలు చూడలేదు, కూతురి ఏడుపు మాత్రం చక్కగా కనిపించింది. అందుకే వాడలోంచి ఒకాయన సెలవు అయిపోయి మస్కట్ తిరిగి వెళ్తున్నాడని తెలియగానే అత్త పెన్‌డ్రైవ్ కొని తెచ్చి నా చేతిలో పెట్టింది.

"కొడుకా, ఆయిన ఇయ్యాల పొద్దుమీకి బస్సెక్కుతుండు. మామిడికాయ తొక్కు కట్టిన, సకినాలు కట్టిన. ఇగ నీ పెండ్లి ఒక్కటే ఉన్నది."

"నా పెండ్లా అత్తా?"

"నీకెవలిస్తర్రా పిల్లను! నా బిడ్డ పెండ్లి. జెల్ది ఎక్కియ్యి."

మిక్సింగ్ అంతా అయిపోయింది, వీడియోను ఒక్క ముక్కగా బయటికి తీయడమే మిగిలింది. మీట నొక్కాను. సగం దాకా వెళ్లి కంప్యూటర్ తనంతట తాను ఆగి, మళ్లీ తనంతట తాను మొదలైంది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. అంతకుముందు రోజే బావ కరీంనగర్‌లో పాత ర్యాం ఇచ్చేసి కొత్తది, పెద్దది తెచ్చి బిగించి, భైంసాలో ఏదో పెళ్లి తీయడానికి వెళ్లిపోయాడు. పెళ్లిళ్ల రోజులు కాబట్టి ఊళ్లో ఏ స్టూడియో కంప్యూటరూ ఖాళీగా లేదు. బావకు ఫోన్ చేస్తే బాజాల మధ్య నుంచి "కరీంనగర్ దుకాణపాయినను అడుగురా బామ్మర్ది, నన్నడిగితె నాకేమెరుక!" అని పెట్టేశాడు. అలా బావ భైంసాలో, నేను బయోస్‌లో ఇరుక్కున్నాం.

ఎందుకంటే కరీంనగర్ దుకాణపాయన చెప్పిన మందు అదే. "నీ మదర్‌బోర్డు పాతదన్నా. దాని బయోస్‌కు గీ ర్యాం సరిగ్గ సమజైతలేదు. బయోస్ అప్‌డేట్ చెయ్యి, సాఫ్ అయితది. కని మధ్యల కరెంట్ పోయిందనుకో, ఇగ బోర్డు ఇటుకే. గోడల పెట్టుకోవాలె."

బయోస్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను (అప్పటికి నాకూ అంతంతమాత్రమే). ఇంట్లో అందరికన్నా ముందు లేచి, గొడ్లున్నాయా, గిన్నెలున్నాయా, పిల్లలున్నారా అని చూసుకుని, ఆ తర్వాతే మిగతావాళ్లను లేపే ముసలాయన ఉంటాడే, కంప్యూటర్‌లో ఆయన పేరు బయోస్. మా ఇంటి ముసలాయనకు చూపు మందగించి కొత్త కోడల్ని పోల్చుకోలేకపోతున్నాడు. అప్‌డేట్ అంటే ఆయనకు కంటి ఆపరేషన్. సగంలో దీపం ఆరితే ఆయన మళ్లీ లేవడు, ఆయన లేపకపోతే ఇంట్లో ఇంకెవరూ లేవరు.

మా దగ్గర దీపం ఆరడమే ముఖ్యమైన సంగతి. స్టూడియోలో యూపీఎస్ ఉండేది గానీ దాని బ్యాటరీ ఎప్పుడో ప్రాణం విడిచింది. కరెంటు పోయిందని కుయ్యోమని అరిచి చెప్పడం వరకే దాని ఉద్యోగం. పైగా మా లైన్ మీద ఉన్నవన్నీ సాంచెలే. ఎవరో ఒకరు నూలు అయిపోయిన కండె మార్చి మళ్లీ సాంచె ఎత్తుకున్నప్పుడల్లా మా ట్యూబులైటు కన్ను కొట్టేది, అది గట్టిగా కన్ను కొడితే కంప్యూటర్ సిగ్గుపడి ఆగిపోయేది. నేను ఇంటర్నెట్‌లోంచి బయోస్ ఫైలును అత్త తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోకే ఎక్కించి, కంప్యూటర్‌కు గుచ్చి, మీట నొక్కే ధైర్యం లేక, వేములవాడ రాజన్న గుళ్లో కోడెను కడతానని మనసులో మొక్కుకుని కూర్చున్నాను. వీడియో అయిందేమోనని వచ్చిన బీడీలత్త నా ముఖం చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఏమైంది కొడుకా, గట్ల కూసున్నవ్?"

చెప్పాను. ముసలాయన, కంటి ఆపరేషన్, ఇటుక అన్నీ చెప్పాను. ఆమె అంతా విని, "అంటె గీ సాంచెలు జెరసేపు ఆగితె నీ పనైతది, గంతేనా?" అంది.

"గంతే అత్తా. కని అందరి సాంచెలు ఎట్ల ఆపుతరు?"

ఆమె కొంగు నడుముకు చుట్టింది. వాడలోకి నడిచి ఫికర్ కాకను పట్టుకుంది. (ఇల్లు కూలిపోతున్నా "ఫికర్ జెయ్యకు" అనే మనిషి. ఆయన ఫికర్ జెయ్యకన్నాడంటే మేం ఫికర్ మొదలుపెట్టేవాళ్లం.) ఏం చెప్పిందో నాకు వినపడలేదు గానీ ఆయన జవాబు మాత్రం వాడంతా వినపడింది.

"మనోని బిడ్డ పెండ్లి మనోడే సూడకపోతె ఎట్లనే! గీ ఇంట్ల ఆయిన, నేను పక్కపక్క సాంచెల మీద చేసినం. ఫికర్ జెయ్యకు!"

అని ఒక్కో గుమ్మం ముందూ నిలబడి, "బందు పెట్టుండ్రిరా! మస్కటాయిన కోసం జెరసేపు బందు!" అని కేకేస్తూ వాడ చివరిదాకా వెళ్లాడు. కాక వెనకే చప్పుడు ఆరిపోతూ వెళ్లింది, ఎవరో చాప చుట్టుకుంటూ పోతున్నట్టు. ఎన్ని మీటర్లు నేస్తే అంత కూలి వచ్చే మనుషులు, ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. చివరి సాంచె ఆగాక వాడలో నాకు తెలియని చప్పుళ్లు వినిపించాయి. ఎక్కడో కుక్కర్ కూత, గోడ మీద కాకి, ఆ తర్వాత వరసగా ఇంటింటా పసిపిల్లల ఏడుపు. నేను కళ్లు మూసుకుని మీట నొక్కాను. నల్లటి తెర మీద సన్నని గీత ఒకటి పురుగులా పాకడం మొదలుపెట్టింది.

అసలు కథ అప్పుడు మొదలైంది. సాంచెలు ఆగాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. దానికి అర్థం ఏమిటో పక్క వాడల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందరికన్నా ముందు ఏడ్పులవ్వ వచ్చింది. (ఏ ఇంట్లో ఎవరు పోయినా మొదటి శోకం ఆవిడదే. సొంతవాళ్లు కూడా ఆవిడ తర్వాతే.) కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేరుగా స్టూడియో ముందుకొచ్చి, అక్కడ గుమిగూడిన జనాన్ని, లోపల తెల్లబోయి కూర్చున్న నన్ను చూసి, నా పక్కనే కూలబడి రాగం ఎత్తుకుంది. "ఎంత పనాయెనే... గింత చిన్న వయసుల..."

"అవ్వా, ఎవలు పోలే!" అన్నాన్నేను, గీత మీంచి కళ్లు తిప్పకుండా.

"పోకపోతె సాంచెలెందుకు ఆగినయిరా? మస్కటాయిన కోసమని ఒర్రంగ విన్న. అయ్యో బిడ్డా, పెండ్లన్న సూడకపోతివి..."

ఆవిడ వెనక వచ్చిన నలుగురు మగవాళ్లు తువ్వాళ్లు భుజాన వేసుకుని, ఎప్పుడు తీసుకొస్తున్నారట, ఏ విమానంలో అని గొంతులు తగ్గించి మాట్లాడుకోసాగారు. (మా వాడ గొంతు తగ్గించడం అంటే మామూలు ఊళ్లో కేక.) బీడీలత్త బయటి నుంచి పరుగున వచ్చి, "నీ నోట్ల మన్ను వడ! నా పెనిమిటి మంచిగున్నడే, ఇప్పుడే ఫోన్‌ల మాట్లాడిన. గీ కంప్యూటర్‌కు ఆపరేషన్ అయితుంది, గందుకు ఆపినం" అంది. ఏడ్పులవ్వ కళ్లు తుడుచుకుని, నావైపూ కంప్యూటర్ వైపూ మార్చి మార్చి చూసి, వచ్చిన శోకం వృథా కావడం ఇష్టం లేనట్టుగా, "మరి గిది బతుకుతదా?" అని అడిగింది.

"ఇంకా తెల్వదవ్వా," అన్నాను. నిజంగానే తెలియదు.

అప్పుడే వీధి మొగలో నిచ్చెన కనిపించింది. నిచ్చెన కింద లైన్‌మెన్ అన్న. చాలా మంచివాడు. ఫోన్ చేస్తే గానీ రాని లైన్‌మెన్లున్న లోకంలో ఈయన చెవులతో కాపలా కాసేవాడు. పక్క వీధిలో చాయ్ తాగుతూ మా వాడ చప్పుడు ఆగడం విని, ఫ్యూజు పోయిందని తనే అనుకుని, ఎవరూ అడగకముందే బాగు చేద్దామని వచ్చేశాడు. సైకిల్ గోడకు ఆనించి, తిన్నగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి నడిచి, లైన్ దించే పిడి మీద చెయ్యి వేశాడు. కిటికీలోంచి ఆ చెయ్యి నాకు కనిపించింది. గీత సగం దాటి ఉంది. గుమ్మం నిండా జనం, దాటి వెళ్లేలోగా పిడి దిగిపోతుంది, నేను అరిచినా అంతదూరం వినపడదు. మస్కట్ మామ ఇస్త్రీ చొక్కా మాత్రం కళ్ల ముందుకొచ్చింది.

గొంతుకు కొదవ లేనిది ఏడ్పులవ్వకే. "ఆగూ!" అని ఆవిడ పెట్టిన కేకకు గోడ మీది కాకి లేచిపోయింది. తువ్వాళ్ల మగవాళ్లు నలుగురూ ఉరికెళ్లి లైన్‌మెన్‌ను నడుం దగ్గర పట్టుకున్నారు.

"ఏమాయె? కరెంట్ లేదు గదా? బాగ చేత్తా అంటె కొడతరా?" అన్నాడాయన హడలిపోయి.

"కరెంట్ ఉన్నది! మేమే ఆపుకున్నం!"

"సాంచెలు మీరే ఆపుకున్నరా? ఎవలు పోయిన్రు?"

"ఇంకా ఎవలు పోలే," అంది అవ్వ, ఆయన ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి. "గా పిడి దించినవనుకో, ఇయ్యాల నేను ఏడ్సేది నీకోసమే."

లైన్‌మెన్ చెయ్యి తీసేశాడు. తీసేయడమే కాదు, విషయం తెలిశాక ఇంకెవరూ తాకకుండా ఆ పిడి ముందే కాపలా నిలబడ్డాడు. లోపల గీత పాకి పాకి చివరికి చేరింది. కంప్యూటర్ ఆరిపోయింది. నా జీవితంలో ఏ దేవుడి ముందూ అంత భక్తిగా నిలబడలేదు. తర్వాత అది చిన్నగా ఒక్క కూత కూసి, తెర వెలిగి, కొత్త ర్యాంను పేరుపేరునా గుర్తుపట్టింది. ముసలాయన లేచాడు. నేను గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపాను. "ఫికర్ జెయ్యకుండ్రి, బతికింది!" అన్నాడు కాక. ఒక్కో ఇంట్లోంచి సాంచె ఎత్తుకుంది, వాడ మళ్లీ టకటకలాడింది, పసిపిల్లలు మళ్లీ నిద్రపోయారు. ఎవరికి ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియక నేను గుమ్మంలో నిలబడి గొణిగాను గానీ, ఆ చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

పొద్దుగూకేలోగా పెళ్లి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది, పెన్‌డ్రైవ్ సకినాల మూటలోకి ఎక్కింది, మూట బస్సెక్కింది. నేను వేములవాడ వెళ్లి కోడె మొక్కు తీర్చుకున్నాను. కొన్నాళ్లకు బీడీలత్త ఫోన్ తెచ్చి నా చెవికి ఆనించింది. అవతల మస్కట్ మామ. గదిలో ఉన్నవాళ్లందరినీ కూర్చోబెట్టి చూశాడట, సకినాలు పంచాడట. "మస్తు చేసినవ్ కొడుకా. నా బిడ్డ సల్లగ కనవడ్డది," అని, "కని ఒక్కటడుగుతా, ఏమనుకోకు. పెండ్లి మన వాడలనే అయింది గదా? మరి సాంచెల చప్పుడేదిరా? బొమ్మ మనదే గని, ఊరు మనది అనిపిస్తలేదు," అన్నాడు.

నా పనితనమంతా ఆ ఒక్క మాటతో నా ముఖం మీదికే తిరిగి వచ్చింది. ఆ రాత్రే కూర్చుని, ఏరి పారేసిన రాళ్లన్నీ తిరిగి బియ్యంలో పోసినట్టు, ఆ టకటకనంతా తెచ్చి పెళ్లిలో కలిపాను. మంత్రాలు సరిగ్గా వినపడని ఆ వీడియో ఇంకొకాయన మూటలో మస్కట్ వెళ్లింది. ఇది చూశాక మామ అత్తకు ఫోన్ చేశాడట. ఫోన్‌లో ఆ టకటకనే మళ్లీ మళ్లీ వినిపించాడని అత్త చెప్పింది.

ఇప్పుడు కరీంనగర్‌లో నాకు సొంత స్టూడియో ఉంది. ఇన్వర్టర్ ఉంది, నిజంగా పనిచేసే యూపీఎస్ ఉంది, బయోస్ తనను తానే అప్‌డేట్ చేసుకుంటుంది. మొన్న ఒకరోజు మధ్యాహ్నం తెర మీద "పని పూర్తయ్యేదాకా కరెంటు ఆపవద్దు" అన్న హెచ్చరిక కనిపించింది. ఆపేవాళ్లూ లేరు, ఆపమని అడగాల్సిన పనీ లేదు. అయినా చెయ్యి కీబోర్డు మీంచి తీసేసి, గీత పాకినంతసేపూ చెవులు రిక్కించి కూర్చున్నాను. కుక్కర్ కూత, కాకి, పసిపిల్లల ఏడుపు కోసం కాబోలు. గీత చివరికి చేరింది, కంప్యూటర్ లేచింది. అలవాటు కొద్దీ గుమ్మంలోకి వెళ్లి చెయ్యి ఊపాను. రోడ్డు మీద ఆటో ఆయన ఆపి, "ఏడికన్నా?" అన్నాడు.