మా అన్న శ్వాస మిషన్

బావి దగ్గర మోటరు దానంతట అదే నడిచిందని ఏ రైతైనా భయపడుతూ వస్తే, ఆటో స్టార్టరు విప్పి కారణం చూపించి పంపేవాడిని. కామారెడ్డిలో ఇరవై ఏళ్లుగా మోటరు వైండింగ్ షాపు నాది. దయ్యాలను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. మా వదినె మీద నేను వేసిన నింద అబద్ధమని నలుగురికీ తెలియాలి. అందుకే రాస్తున్నాను.

మా ఇంటి మగవాళ్లకు గురక జబ్బు ఉంది. నిద్రలో ఊపిరి ఆగుతుంది. ఎల్లారెడ్డిలో ఉండే మా అన్నకూ, నాకూ డాక్టరు సీపాప్ మిషన్లు రాశాడు. మాస్కు పెట్టుకుని పడుకుంటే, గొంతు మూసుకుపోకుండా మిషన్ గాలి పంపుతుంది. ఎన్ని గంటలు వాడాం, ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, మాస్కు పక్కల నుంచి గాలి ఎంత పోయింది, అన్నీ తారీఖులతో సహా లోపలి కార్డులో ఎక్కుతాయి.

పోయిన ఏడాది అన్న పొలం దగ్గర గుండె ఆగి పోయాడు. పట్టపగలు. దశదిన కర్మ అయ్యాక, ఆనవాయితీ ప్రకారం వదినెను ఆమె అన్నదమ్ములు మూడు రాత్రులు నిద్ర చేయించడానికి బీబీపేట తీసుకుపోయారు. తర్వాత ఆమె ఎల్లారెడ్డికి వచ్చి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. ఒక్కగానొక్క కూతురిది నాగిరెడ్డిపేటలో కాపురం.

రెండు నెలలకు నా మిషన్ మొరాయించింది. విప్పి బాగుచేసుకున్నాను గానీ, దాన్ని నమ్ముకోవద్దని డాక్టరు కోప్పడ్డాడు. కొత్తది చూద్దామని మిషన్లు అమ్మే షాపుకు వెళ్లాను. ఒకటి ఒకే ఒత్తిడితో నడిచేది, ఇంకొకటి ఊపిరిని బట్టి ఒత్తిడి తనే మార్చుకునేది. ఏది తీసుకోవాలో తేలకముందే వదినె ఫోన్ చేసింది.

“మీ అన్నది ఊకెనే ఉన్నది శీనూ. పరుపు, బట్టలు అన్నీ ఇచ్చేసినం గని గిది ఇయ్యబుద్ధి గాలే. నువ్వు తీస్కపో.”

తెచ్చుకున్నాను. అన్న మాస్కు పారేసి కొత్తది కొన్నాను. ఒత్తిడి నాకు సరిపడేలా మార్చమని షాపు టెక్నీషియన్‌కు మిషన్ ఇచ్చాను. అతను కార్డు కంప్యూటర్‌లో పెట్టి, “మంచిగ వాడిన్రన్నా. మొన్నటిదాక రోజూ ఆరు గంటలు” అన్నాడు.

“మొన్నటిదాక ఏంది? ఆయన పోయి రెండు నెలలాయె.”

అతను స్క్రీన్ నా వైపు తిప్పాడు. అన్న పోయిన రోజు నుంచి పది రోజులు ఖాళీ. చుట్టాలు వెళ్లిపోయిన రాత్రి నుంచి మళ్లీ మొదలు. ఊపిరి ఆగిన లెక్క కూడా ఉంది. మాస్కు పక్కల నుంచి గాలి పోలేదు. అంటే అది ఎవరి ముఖానికో సరిగ్గా కూర్చుంది. వదినెకు గురక లేదు.

ఆ ఇంట్లో ఎవడో పడుకుంటున్నాడు అనుకున్నాను. పది రోజులు జనం ఉన్నారు కాబట్టి ఆగాడు అనుకున్నాను. ఎల్లారెడ్డిలో గురకపెట్టే లావుపాటి వాళ్లను మనసులో ఒక్కొక్కరినే నిలబెట్టి చూశాను. ఆమెను మాత్రం అడగలేదు. రిపోర్టు ప్రింటు తీయించి మా చిన్నమ్మ దగ్గరికి పోయాను.

“అరే కొడుకా, గంత మాట ఎట్లంటున్నవ్ రా?”

“నేనంటలేను చిన్నమ్మా. మిషిన్ అంటున్నది.”

నోరు నొక్కుకున్న చిన్నమ్మ ఆ నోటితోనే నలుగురికి చెప్పింది. వారం తిరగకుండా ఎల్లారెడ్డిలో అందరికీ తెలిసింది. మీ అమ్మను ఇక మన ఇంటికి పిలవొద్దని నాగిరెడ్డిపేటలో అన్న కూతురికి అత్తగారు చెప్పిందట. వదినె ఇంటికి తాళం వేసి బీబీపేటలో అన్నదమ్ముల దగ్గరికి వెళ్లిపోయింది. నాకు ఫోన్ కూడా చేయలేదు.

ఆ మిషన్ ముఖానికి పెట్టుకోబుద్ధి కాలేదు. ఒత్తిడి తనే మార్చుకునే కొత్తది కొన్నాను. అన్నదాన్ని షాపు బీరువాలో పడేశాను. దానికి కరెంటు ఇచ్చే అడాప్టర్ విప్పి వేరే పనికి వాడుకున్నాను.

మూడు నెలలకు భిక్నూర్ నుంచి ఒకాయన పాత మిషన్ ఏదైనా ఉందా అని వచ్చాడు. కార్డు తుడిపించి ఇద్దామని అదే టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను కార్డు కంప్యూటర్‌లో పెట్టి చూశాడు.

“అన్నా, బీరువల ఉన్నదంటివి గద?”

నిన్న రాత్రి ఆరు గంటల పది నిమిషాలు. మొన్న రాత్రి కాస్త ఎక్కువ. అంతకుముందు ఒక్క రాత్రి కూడా ఖాళీ లేదు.

మిషన్ గడియారం తప్పిందేమో అన్నాను. తారీఖు, టైము సరిగ్గానే ఉన్నాయి. అతను కొత్త కార్డు వేసి, మిషన్‌ను అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి తన దగ్గరే ఉంచుకున్నాడు. రెండు రోజుల తర్వాత నా ముందే టేపు కోశాడు. రెండు రాత్రులు ఎక్కి ఉన్నాయి. “దీన్ని మీరు తీస్కపోన్రి అన్నా, దండం పెడ్త” అన్నాడు.

ఇంటికొచ్చి పాత ప్రింటు విప్పాను. పది రోజుల ఖాళీ తర్వాత మొదటి మూడు రాత్రులు, వదినె బీబీపేటలో నిద్రలు చేసిన రాత్రులు. ఆ మూడు రోజులూ ఎల్లారెడ్డి ఇంటికి తాళం వేసి, తాళంచెవి కామారెడ్డికి తెచ్చుకున్నది నేనే. రెండో తాళంచెవి లేదు. ఆ తారీఖులు ప్రింటు తీయించిన రోజు కూడా నా కళ్ల ముందే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే మిషన్ పట్టుకుని బీబీపేట పోయాను. ఆమె అన్నదమ్ముల ముందే తప్పు ఒప్పుకుని కాగితాలు పెట్టాను. వదినె వాటిని ముట్టుకోలేదు.

“మిషిన్ చెప్పిందని నామీద మన్ను వోసినవ్. మిషిన్ చెప్పిందనే ఇయ్యాల మాఫీ అడుగ వచ్చినవ్. నడుమ నన్నొక్క మాట అడగనైతివి గద శీనూ.”

తర్వాత ఆమే అడిగింది. “ఊపిరి ఎన్నిసార్లు ఆగిందని రాసున్నది?”

చూసి చెప్పాను. అన్న బతికున్నప్పటికంటే చాలా తక్కువ. ఆమె నా చేతిలో నుంచి మిషన్ తీసుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు.

కరెంటు లేని మిషన్‌లో ఆ గంటలు ఎలా ఎక్కాయో, ఆ ఊపిరి ఎవరిదో, మిషన్లు విప్పి బతికే నేను ఇప్పటికీ చెప్పలేను. ఆ ఇంట్లో ఏ పరాయివాడూ పడుకోలేదని మాత్రం చెప్పగలను. ఆ రోజు నా మాట నమ్మినవాళ్లు ఈ మాట కూడా నమ్మాలి. వదినె ఇంకా ఎల్లారెడ్డికి తిరిగి రాలేదు.