చిన్నాన్న గడిలో నాన్న

మా ఆయనకి డెబ్బై రెండేళ్ళు. చుక్క మందు ముట్టని మనిషి. అయినా కాలేయానికి కొవ్వు పట్టిందని బరంపురం డాక్టరు తేల్చారు. కొందరికి అది కొవ్వుగానే ఉండిపోతుందట, కొందరికి గట్టిపడి ప్రాణం మీదికి తెస్తుందట. ఈయనకి ఏది రాసిపెట్టి ఉందో రక్తంలోని జన్యువులు చూసి ముందే చెబుతామన్నారు.

రక్తం ఇచ్చిన పంతొమ్మిదో రోజు, మంగళవారం, పదిన్నరకి రమ్మన్నారు. పదకొండుంబావుకి చేరాం. ఆ నలభై అయిదు నిమిషాలూ పూరీల బండి దగ్గర పోయాయి.

జన్యువుల ఫలితం, వయసు, షుగరు, కుటుంబంలోని జబ్బులు అన్నీ కంప్యూటరులో వేస్తే అది జోస్యం చెబుతుంది. దాని ముందు కూర్చున్న అమ్మాయి అడిగింది.

"తాతగారూ, మీ నాన్నగారు ఎలా పోయారు?"

"ఎనభై తొమ్మిదేళ్ళు బతికి, నిద్దట్లో."

"కాలేయం జబ్బు ఏటైనా?"

"ఏటీ లేదు."

మూడేళ్ళకోసారి స్కాను చాలని వచ్చింది. ఈయన ముఖం వెలిగిపోయింది.

తప్పు లెక్క కళ్ళముందు పెట్టుకుని ఊరుకోలేను.

"ఏవండీ, ఆయన మీకు పెదనాన్న."

"దత్తతయ్యాక నాన్నే. తద్దినం ఎవరికి పెడతన్నాను?"

ఎనిమిదో ఏట పెదనాన్నకి దత్తత వెళ్ళారు. అరవై నాలుగేళ్ళుగా కన్నతండ్రిని చిన్నాన్న అనే అంటారు. ఆ చిన్నాన్న రంభ అనే ఊళ్ళో, కాలేయం చెడి కడుపులో నీరు చేరి, యాభై ఒకటో ఏట పోయారు. తద్దినాల పుస్తకంలో తిథితో సహా నేనే రాశాను.

అమ్మాయి తల పట్టుకుంది. "తండ్రికి ఒక్కటే గడి అండీ. ఇద్దర్ని రాస్తే కంప్యూటరు తీసుకోదు."

"అయితే సిన్నాన్నని ఇతర బంధువుల్లో పడెయ్యమ్మా," అన్నారు ఈయన.

పడేసింది. రెండేళ్ళకోసారి అని వచ్చింది.

"సూసావా? నిజం సెప్తే ఏడాదే తగ్గింది," అన్నారు ఈయన.

నేను కదలనన్నాను. డాక్టరే బయటికి వచ్చారు. ఒడియా ఆయన, తెలుగు బాగానే వచ్చు, బాబాయిగారూ అనడానికి మాత్రం మౌసా అంటారు. "మౌసా, కాలేయాన్ని గట్టిపరిచే మార్పు మీకు రెండు వైపుల నుంచీ వచ్చింది. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. కన్న నాన్నది."

"అగ్నిసాక్షిగా మారిపోయాను డాక్టరుగారూ. హోమం చేశారు."

"చేసే ఉంటారు మౌసా. రక్తానికి ఎవరూ కబురు పెట్టలేదు."

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "చిన్నాన్నగారి కంటే మీరు ఇరవై ఒక్కేళ్ళు ఎక్కువ బతికారు. ఇంకా బతకాలి. దానికి నాకు సరైన అంకె కావాలి," అన్నాను.

ఈయన అమ్మాయి వైపు తిరిగారు.

"రాసుకోమ్మా. మా నాన్న. యాభై ఒకటి. కడుపులో నీరు."

తెర మీద అక్షరాలు ఎర్రగా మారాయి. మూడు నెలలకోసారి స్కాను, రోజూ నడక, వేపుళ్ళు బంద్.

ఈయన దాన్ని రెండుసార్లు చదివి, గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మా, ఆయన్ని మళ్ళీ సిన్నాన్నని సెయ్యడానికి వీలవుద్దా?"